ఈ ఏడాది ఆగిన చదువుకు తేదీ, డబ్బు, మనిషి

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో చీరాల దగ్గర ఒక చేనేత గ్రామం. నాకు 19 ఏళ్లు. 2024 మార్చిలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాను. ఈఏపీసెట్‌లో వచ్చిన ర్యాంకుకు జూలైలో గుంటూరు వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కన్వీనర్ కోటా సీటు (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేది) వచ్చింది. అదే వారంలో నాన్నగారికి వెన్నుపూసకు ఆపరేషన్ జరిగింది. "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నారు, నేనూ సరేనన్నాను, కళాశాలలో రిపోర్టు చేయలేదు. ఇప్పుడు అమ్మ మగ్గం మీద కూర్చుంటోంది. మగ్గానికి నూలు కండెలు చుట్టడం, వంట, నాన్నగారి మందులు, పదో తరగతి చదివే తమ్ముడి పాఠాలు నేను చూసుకుంటున్నాను. నాయనమ్మ కూడా మాతోనే ఉంటుంది. పుస్తకం తీసిన ప్రతిసారీ ఏదో ఒక పని మీద పిలుపు వస్తుంది. దసరా సెలవులకు స్నేహితులు వస్తే జ్వరమని చెప్పి బయటికి రాలేదు. సంక్రాంతికి వాళ్లు మళ్లీ వస్తారు. చుట్టాలేమో "నీకేం, ఏడాదంతా సెలవులే" అంటారు. మేనత్త ఒక సంబంధం కూడా తెచ్చింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నాకు ఒక ఏడాది పోయినట్టేనా? మళ్లీ ఈఏపీసెట్ రాయాలా, లేక దగ్గర్లో డిగ్రీలో చేరాలా? అప్పటిదాకా ఇంట్లో రోజులు ఎలా గడపాలి? అడిగినవాళ్లకు ఏం చెప్పాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడాది పోయిందేమోనన్నది మీ దిగులు. నన్ను దిగులుపెట్టినది మాత్రం మీరు మధ్యలో మామూలుగా రాసి వదిలేసిన ఒక్క వాక్యం, "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్నది. ఆ మాట అన్నవారి మనసులో మీ మీద ప్రేమ ఉందనడంలో నాకు సందేహం లేదు. కానీ ఏ నెలలో చూస్తారో, ఏ డబ్బుతో చూస్తారో, మీరు కళాశాలకు వెళ్లిన రోజున మీ చేతిలోని పనులు ఎవరి చేతికి వెళతాయో ఆ మాటలో లేదు. అవి తేలనంత కాలం, ఇంట్లో ఎవరూ చెడ్డవారు కాకపోయినా, ఎవరూ వద్దని అనకపోయినా, ఆడపిల్ల చదువు దానంతట అదే ఆగిపోతుంది. మన ఊళ్లలో ఇంటర్ దగ్గర ఆగిపోయిన అమ్మాయిల్లో చాలామందికి చదువు మానేయమని ఎవరూ చెప్పలేదు. ఒక్క ఏడాది ఆగమన్నారు, అంతే. కాబట్టి మీ ప్రశ్నలన్నిటికీ జవాబు రాస్తూనే, ఈ వాయిదాకు ఒక గడువు ఎలా పెట్టుకోవాలన్న దాని దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తాను.

ముందుగా, మీరు జూలైలో తీసుకున్న నిర్ణయం తప్పు కాదు. నాన్నగారు ఆసుపత్రిలో ఉండగా మొహమాటానికి వెళ్లి చేరి, ఇంటి పనుల వల్ల తరగతులకు వెళ్లలేకపోయి ఉంటే, పరిస్థితి ఇంతకంటే చిక్కుగా ఉండేది. ఇంజనీరింగ్‌లో సెమిస్టర్ పరీక్షకు కూర్చోవాలన్నా, ప్రభుత్వం ఫీజు చెల్లించాలన్నా 75 శాతం హాజరు అడుగుతారు. హాజరు చాలక మొదటి ఏడాదే ఆగిపోయిన విద్యార్థికి ఏడాదీ పోతుంది, ఫీజు బాకీ కూడా మెడకు చుట్టుకుంటుంది, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం కళాశాల చుట్టూ తిరగవలసి వస్తుంది. మీకు అవేవీ లేవు. మీ సర్టిఫికెట్లు మీ ఇంట్లోనే ఉన్నాయి, మీ పేరు మీద బాకీ లేదు, మళ్లీ మొదటి నుంచి చేరడానికి అడ్డు లేదు.

కాగితాల పరంగా కూడా ఈ ఖాళీ ఏడాది వల్ల మీరు పోగొట్టుకున్నది చాలా తక్కువ. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చిన సంవత్సరానికే చెల్లుతుంది కనుక నిరుటి ర్యాంకు ఇక పనికిరాదు, మళ్లీ రాయాలి. ఒకసారి సీటు వచ్చి చేరకపోయినవారు మళ్లీ రాయకూడదన్న నిబంధన లేదు, ఇంజనీరింగ్‌కు గరిష్ఠ వయసు పరిమితీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాంకు లెక్కకు పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ 25 శాతం మీరు ఇప్పటికే సంపాదించుకుని దాచుకున్నదే, అది తరగదు. సీట్ల కేటాయింపులో చూసే స్థానికత గురించి కూడా కొందరు భయపెడతారు. ఇంటర్ పరీక్షలు మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్లు మీరు ఎక్కడ చదివారన్నదే దానికి ఆధారం. ఆ తరువాత ఇంట్లో ఉన్న ఏడాదితో దానికి సంబంధం లేదు. మీరు చీరాల ప్రాంతంలోనే చదివి ఉంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో స్థానికులుగానే ఉంటారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట పెట్టుకోండి. కొన్ని కళాశాలలు చేరేటప్పుడు ఖాళీ ఏడాదికి నోటరీ చేయించిన అఫిడవిట్ అడుగుతాయి. ఆ ఏడాది మరే కళాశాలలోనూ చేరలేదని, ఫలానా కారణం వల్ల ఇంట్లో ఉన్నానని రాసిస్తే సరిపోతుంది. నాన్నగారి డిశ్చార్జి కాగితం నకలు ఒకటి దాంతో జతపరచడానికి తీసి ఉంచండి. జేఈఈ మెయిన్ రాసే ఆలోచన ఉంటే, ఇంటర్ పూర్తయిన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు అవకాశం ఉంటుంది కనుక ఆ తలుపు కూడా మూసుకోలేదు. అయితే మీకు ఇప్పుడున్న సమయానికి ఒక్క పరీక్ష మీద నిలవడమే మంచిదని నా అభిప్రాయం.

చదువులో ఒకటి రెండేళ్లు వెనకబడితే ఇక అందుకోలేమన్న భయం మీ ఉత్తరమంతా ఉంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చిన తరువాత, ఆ వయసువారు కళాశాల చదువులు ముగించుకునే రోజుల్లో, బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదువుకున్నారు. ఆ తరువాతే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసి, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. అంతకంటే నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. తనలాగే చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలను మద్రాసులో చేరదీసి, అదే బనారస్ మెట్రిక్‌కు చదివించడంతోనే ఆమె ఆంధ్ర మహిళా సభ పని మొదలైంది. ఆగిన చదువును మళ్లీ పట్టుకోవడానికి తెగువ ఒక్కటే చాలదని, అందుకు ఒక ఏర్పాటు కావాలని ఆమెకు తెలుసు. మీకూ ఇప్పుడు కావలసింది ఆ ఏర్పాటే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆరు నెలల్లో మీ ఇల్లు మీ చుట్టూ సర్దుకుంది. అమ్మ మగ్గం ఎక్కారు, ఆమె చేసే పనులు మీకు వచ్చాయి, మీరు బాగా చేస్తున్నారు, కాబట్టి వేరే మనిషి గురించి ఎవరూ ఆలోచించడం లేదు. మీరు లేకపోతే జరగని పనులు ఇంట్లో ఎన్ని పెరిగితే మీ చదువు అంత దూరం జరుగుతుంది. జూలైలో సీటు మళ్లీ వచ్చిన రోజున నాన్నగారి ఆరోగ్యం బాగున్నా సరే, "నువ్వెళితే మగ్గం సంగతేమిటి" అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న జూలైలో రాకుండా ఇప్పుడే వచ్చేలా చేయడం మీ చేతిలో ఉంది.

కండెల సంగతే చూడండి. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో కండె ఎంతోసేపు రాదు, అయిపోగానే రెండోది అందకపోతే నేత ఆగుతుంది. అందుకే మీరు ఎప్పుడు పుస్తకం తీసినా మగ్గం దగ్గర నుంచి పిలుపు వస్తోంది. అమ్మ మిమ్మల్ని చదువుకోనివ్వడం లేదని మీకు లోపల కష్టంగా ఉండి ఉంటుంది, కానీ ఆమె పిలవకపోతే ఆ రోజు గజాలు తగ్గుతాయి, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇచ్చే మజూరీ తగ్గుతుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేని ఇబ్బంది ఇది. దీనికి నాకు తోచిన మార్గం ఏమిటంటే, మర్నాడు నేతకు కావలసిన కండెలన్నీ ముందు రోజు సాయంత్రమే ఒక్క విడతగా చుట్టి బుట్టలో పెట్టేయడం. నాయనమ్మ చేతులు ఆడుతూ ఉంటే పగటి పూట రాట్నం ఆమెకు అప్పగించవచ్చు. చేనేత ఇళ్లలో పెద్దవాళ్లు ఈ పని చేయడం కొత్తేమీ కాదు, తన వల్ల మనవరాలు చదువుకుంటోందంటే ఆమెకూ సంతోషమే. అదీ కుదరకపోతే, వీధిలో కూలికి కండెలు చుట్టేవారు దొరుకుతారేమో అడగండి. ఆ కూలి ఎంతవుతుందో కనుక్కుని కాగితం మీద రాసుకోండి. మీరు కళాశాలకు వెళితే ఇంటికి పడే అదనపు ఖర్చు నిజానికి అదే. దాన్ని అంకెలో చూసిన తరువాత అది అసాధ్యమైనదిగా కనిపించదు. ఈ మార్పు జూలై దాకా ఆపకుండా ఈ నెలలోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మీరు ఇంట్లో ఉండగానే ఇల్లు మీరు లేకుండా నడవడం అలవాటు చేసుకోవాలి.

నాన్నగారితో, అమ్మతో కూర్చుని మాట్లాడండి. తమ్ముడిని, నాయనమ్మను కూడా కూర్చోబెట్టండి. పండుగ హడావుడిలో కాకుండా, చుట్టాలు రాకముందే ఒక సాయంత్రం చూసుకోండి. ఏడుస్తూనో, నిష్ఠూరంగానో మొదలుపెట్టవద్దు. "నాన్నగారూ, ఈ జూలైలో నేను కళాశాలలో చేరాలి, దానికి మనం ఇప్పుడే కొన్ని అనుకోవాలి" అని నేరుగా చెప్పండి. మాట్లాడవలసినవి నాలుగే. ఈఏపీసెట్ దరఖాస్తుకు ఎప్పుడు ఎవరు డబ్బు ఇస్తారు, మీరు రోజూ ఎన్ని గంటలు చదువుకు కూర్చుంటారు, ఆ గంటల్లో మీ పనులు ఎవరు చేస్తారు, ఎంత దూరంలో ఉన్న కళాశాల దాకా పంపగలరు. ఈ నాలుగో ప్రశ్నకు వారు నిజాయితీగా చెప్పే జవాబు వినండి. ఆపరేషన్ అయిన తండ్రికి కూతురు హాస్టల్‌లో ఉంటే బెంగ ఉండడం సహజం. ఆ బెంగను కాదనకుండా, దానికి తగ్గ కళాశాలను వెతకడం తెలివైన పని.

అక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. నా సలహా మళ్లీ ఈఏపీసెట్ రాయమనే, అయితే ఈసారి కళాశాల ఎంపిక వేరేగా ఉండాలి. నిరుడు మీరు పేరున్న కళాశాలలను ముందు పెట్టి ఆప్షన్లు ఇచ్చి ఉంటారు, అందరూ చేసేదే అది. ఈసారి చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు ఇంటి నుంచి రోజూ బస్సులోనో రైలులోనో వెళ్లి రాగలిగిన కళాశాలలను, మీ ర్యాంకుకు నిరుడు అక్కడ ఏ బ్రాంచి దాకా సీట్లు వచ్చాయో చూసుకుని, వెబ్ ఆప్షన్లలో పైన పెట్టండి. హాస్టల్ ఖర్చు పోతుంది, సాయంత్రానికి ఇంటికి వస్తారు, నాన్నగారి బెంగ తగ్గుతుంది. కంప్యూటర్ సైన్సే కావాలన్న పట్టుదల ఉంటే దూరం వెళ్లవలసి రావచ్చు. మీ ఇంటి పరిస్థితిలో దగ్గరి కళాశాలలో ఎలక్ట్రానిక్స్ గానీ ఎలక్ట్రికల్ గానీ దూరపు కంప్యూటర్ సైన్స్ కంటే మెరుగని నేను అనుకుంటాను. నాలుగేళ్లు ఆగకుండా పూర్తయ్యే చదువే మీకు ముఖ్యం.

ఒక హెచ్చరిక. కౌన్సెలింగ్ ముగిశాక "స్పాట్‌లో సీటు ఇప్పిస్తాం" అంటూ ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దు. స్పాట్ అడ్మిషన్‌లోనూ, మేనేజ్‌మెంట్ కోటాలోనూ చేరినవారికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండి కన్వీనర్ కోటాలో చేరినవారికే ఆ వెసులుబాటు. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం సచివాలయంలో ఏప్రిల్, మే నెలల్లోనే తీసి ఉంచుకోండి, కౌన్సెలింగ్ రోజుల్లో వరుసలు పెరుగుతాయి. అప్పటికీ డబ్బు చాలకపోతే ఏడున్నర లక్షల దాకా విద్యారుణానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకూడదన్న నియమం ఉంది. కానీ రుణం ఆఖరి మార్గంగానే ఉంచుకోండి.

డిగ్రీని నేను తక్కువ చేయడం లేదు. లెక్కల మీద మీకు నిజంగా ఇష్టం ఉండి, మాస్టరు అవ్వాలనో, పోటీ పరీక్షలు రాయాలనో ఉంటే చీరాలలోనో బాపట్లలోనో బీఎస్సీ చదవడం గౌరవమైన దారే. అయితే ఇంట్లోవారిని ఇబ్బంది పెట్టకూడదని మనసు చంపుకుని మాత్రం డిగ్రీలో చేరవద్దు. ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాక, కౌన్సెలింగ్‌లో అందుబాటులో ఉన్న కళాశాల రాకపోతే, అప్పుడు డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలకు దరఖాస్తు చేయండి. రెండూ ఒకే వేసవిలో జరుగుతాయి కనుక, ఏది వచ్చినా ఈ జూలై, ఆగస్టు నెలల్లో మీరు ఒక తరగతి గదిలో కూర్చోవాలి. మళ్లీ వాయిదా పడకూడదు. ఒక్కసారి ఆగడం మీ ఇంటి కష్టం వల్ల జరిగింది, రెండోసారి ఆగితే అది అలవాటైపోతుంది.

పరీక్షకు ఇంకా సమయం ఉంది. 2024లో ఇంజనీరింగ్ విభాగం పరీక్షలు మే 18 నుంచి 23 దాకా జరిగాయి, ఈసారీ దాదాపు ఆ రోజుల్లోనే అనుకుని సిద్ధపడండి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం, అంటే 80, లెక్కలే. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కాబట్టి మీ సమయంలో సగం లెక్కలకే ఇవ్వాలి. కోచింగ్‌కు వెళ్లలేకపోతున్నానని మీరు రాయలేదు గానీ ఆ బాధ ఉండి ఉంటుంది. ఒకసారి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థికి కొత్త పాఠాల కంటే పాత ప్రశ్నపత్రాలు ఎక్కువ పనికొస్తాయి. ఉన్నత విద్యామండలి వెబ్‌సైట్‌లో నమూనా పరీక్షలు ఉచితంగా ఉంటాయి. వారానికి ఒకటి, గడియారం పెట్టుకుని, మూడు గంటలు కదలకుండా రాయండి. తప్పు పోయిన ప్రతి లెక్కా మర్నాడు ఒక నోటుపుస్తకంలో మళ్లీ చేయండి. ఆ నోటుపుస్తకమే ఏప్రిల్‌లో మీ పాఠ్యపుస్తకం అవుతుంది.

చదువుకు ఇంట్లో కుదరదనుకుంటే ఉదయం రెండు మూడు గంటలు బయట కూర్చోండి. మీ ప్రాంతంలో పుట్టినవారికి ఉన్న అదృష్టం వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో ఊరివారు మొదలుపెట్టిన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. మీ ఊరికి అందుబాటులో ఉంటే అక్కడికి, లేకపోతే దగ్గరి శాఖా గ్రంథాలయానికి మీ పుస్తకాలు తీసుకుని వెళ్లండి. ఇంట్లో ఉన్న మనిషిని పిలవడం తేలిక, లైబ్రరీకి వెళ్లిన మనిషి కోసం సాయంత్రం దాకా ఆగుతారు. రోజూ ఒకే సమయానికి వెళ్లి వస్తుంటే మీరు చదువుకుంటున్నారన్న సంగతి ఊరికి కూడా తెలుస్తుంది, సంబంధాల మాటలకు అదే సగం జవాబు.

ఈ ఏడాది ఖాళీగా ఉన్నానన్న సిగ్గుతో టైపింగ్, స్పోకెన్ ఇంగ్లీష్, ఆన్‌లైన్ కోర్సులు అంటూ పది మొదలుపెట్టవద్దు. అవన్నీ కళాశాలలో చేరాక చేసుకోవచ్చు.

సంక్రాంతి దగ్గరికి వచ్చింది. భోగి నాటికి మీ స్నేహితులు ఊరు చేరుకుంటారు. ఈసారి జ్వరమని చెప్పవద్దు. దసరాకు మీరు దాక్కున్నందుకు మిమ్మల్ని తప్పుపట్టను, ఐడీ కార్డులు, హాస్టల్ కబుర్లు, ఫోన్లో స్టేటస్ ఫోటోలు చూస్తుంటే గొంతు పట్టేసినట్టు ఉంటుంది. కానీ ఆ స్నేహితులే ఇప్పుడు మీకు అందరికంటే పనికొచ్చేవారు. మొదటి సెమిస్టర్ పూర్తి చేస్తున్నవారు కనుక, బ్రోషర్లలో రాయని సంగతులు వారికి తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా ఏటా చేతి నుంచి ఎంత కట్టవలసి వస్తోంది, బస్సు ఫీజు ఎంత, పరీక్ష ఫీజు ఎంత, ల్యాప్‌టాప్ మొదటి ఏడాదిలోనే కొనమన్నారా, ఆడపిల్లలకు సాయంత్రం ఎన్నింటికి బస్సు బయలుదేరుతుంది, ల్యాబ్‌లు నిజంగా జరుగుతున్నాయా అని అడగండి. వారిలో ఎవరైనా పాత ఈఏపీసెట్ పుస్తకాలు మూలన పడేసి ఉంటే తెచ్చుకోండి. ఇలా అడుగుతూ కూర్చుంటే మీరు వెనకబడ్డ మనిషిలా కాక, వచ్చే బ్యాచ్ విద్యార్థిలా వాళ్లతో మాట్లాడుతున్నట్టు మీకే అనిపిస్తుంది. మనసు విప్పి చెప్పగలిగిన స్నేహితురాలు ఒక్కరున్నా, దసరాకు ఎందుకు రాలేదో నిజం చెప్పేయండి. ఆమెకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

చుట్టాలకు చెప్పవలసింది ఒక్క వాక్యం. "నాన్నగారికి ఆపరేషన్ అయిందని ఈ ఏడాది ఆగాను, జూలైలో చేరుతున్నాను." ఎవరడిగినా ఇదే, ఇంతే. "చేరాలనుకుంటున్నాను", "చూడాలి" అనే మాటలు వద్దు, అవి విన్నవారికి సలహాలు చెప్పడానికి సందు ఇస్తాయి. "ఏడాదంతా సెలవులే" అన్నవారితో వాదించవద్దు. వంటింట్లోనూ రాట్నం దగ్గరా మీరు చేసే పని అమ్మానాన్నలకు తెలుసు, అది చాలు. మేనత్త తెచ్చిన సంబంధం గురించి మాత్రం మీరు మాట్లాడకూడదు, నాన్నగారే మాట్లాడాలి. "అమ్మాయి చదువు పూర్తయ్యాక చూద్దాం అక్కా" అని ఆయన నోటి నుంచి వస్తే ఆమె నొచ్చుకోదు, అదే మీరు అంటే పొగరు అంటారు. ఇంట్లో కూర్చుని మాట్లాడే ఆ సాయంత్రమే ఈ మాట కూడా ఆయన దగ్గర తీసుకోండి.

నిద్ర పట్టడం లేదన్నారు. పగలంతా నిలబడి పనిచేసి, రాత్రి ఫోన్లో స్నేహితుల ఫోటోలు చూసి పడుకుంటే నిద్ర రాకపోవడం వింత కాదు. పడుకునే ముందు ఫోన్ తమ్ముడి గదిలో పెట్టండి. మీకూ ఒక సెలవు కావాలి, అమ్మకూ కావాలి. పండుగ మూడు రోజులూ మగ్గం ఎలాగూ దిగుతారు కనుక, అందులో ఒక పూట వంట నాయనమ్మకూ తమ్ముడికీ వదిలి మీరిద్దరూ బయటికి వెళ్లి రండి. సముద్రం మీకు దగ్గరే. దిగులు ఇంకా తగ్గకపోతే, తిండి సయించకపోయినా, బతుకు మీద విసుగు కలిగినా 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సలహా సేవ టెలీ మానస్ నంబరు అది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. చేయడానికి సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

నాన్నగారి గురించి ఒక మాట. మీ చదువు తన వల్ల ఆగిందని ఆయన లోలోపల కుమిలిపోతూ ఉండవచ్చు. అందుకే ఆ ప్రస్తావన తేకుండా ఉంటున్నారేమో. మీరు కూడా ఆయన బాధపడతారని తేవడం లేదు. ఇలా ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ అసలు మాట మాట్లాడకుండా ఏడాది గడిచిపోతుంది. మీరు మొదలుపెడితే ఆయనకు భారం తగ్గుతుంది. ఆయన మంచం మీద కూర్చునే చేయగలిగిన పని కూడా ఒకటి అప్పగించండి, కళాశాలల ఫీజులు, బస్సుల వేళలు ఫోన్ చేసి కనుక్కోవడం. తండ్రిగా తన పని తాను చేస్తున్నానన్న తృప్తి ఆయనకు మందుతో సమానం.

ఆఖరుగా, మీరు అడగని సంగతి ఒకటి. తమ్ముడు మార్చిలో పదో తరగతి పరీక్షలు రాస్తాడు. ప్రైవేటు జూనియర్ కళాశాలల వారు పరీక్షలకు ముందే ఇంటింటికీ వచ్చి, ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తామని అడ్వాన్సు అడుగుతారు. మగపిల్లవాడి ఇంటర్‌కు రెసిడెన్షియల్ కళాశాలలో పెద్ద మొత్తం ఒప్పుకున్నాక, జూలైలో మీ బస్సు ఫీజుకు కూడా డబ్బు మిగలకపోవచ్చు. తమ్ముడి చదువు మీద మీకున్న ప్రేమ మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది, అందుకే ఈ మాట మీరు ఇంట్లో ఎత్తలేరని నాకు భయం. అయినా ఎత్తాలి. ఏ కళాశాలకూ అడ్వాన్సు కట్టకముందే ఇద్దరి ఖర్చులూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడమని అమ్మానాన్నలను అడగండి. చీరాలలోనే ఇంటి నుంచి వెళ్లి చదువుకునే కళాశాలలు ఉన్నాయి, మీరూ ఇంటర్ చదివినవారే కనుక సాయంత్రం వాడికి లెక్కలు మీరే చెప్పగలరు. ఆ మాట తమ్ముడి ముందే చెప్పండి, పదహారేళ్ల పిల్లవాడికి అక్క చదువు ఎందుకు ఆగిందో అర్థం చేసుకునే వయసు ఉంది.